తొందర పెట్టకండి.. నిదానంగా రానివ్వండి!

చూలై: ‘ఆడపిల్ల బండి వస్తోంది, తప్పుకోండి’.. ఏ వీధిలోనైనా వినిపించే ఎగతాళే ఇది. ఆ మాటకు, వెనుక హారన్ల మోతకు బెదిరిన యువతి రోడ్డు అంచుకు జరుగుతుంది. గుంతలు, ఇసుక ఉండేది అక్కడే. ఇంటి పని ముగించి బయల్దేరేసరికే ఆలస్యం. సాయంత్రం ‘చీకటి పడకముందే రావాలి’ అన్న హెచ్చరిక. ఈ కంగారే ప్రమాదాలకు దారి.

పూలు నలుగుతాయని కొందరు హెల్మెట్ పెట్టుకోరు. తమిళనాట 2015 జులై 1 నుంచి వెనుక కూర్చున్నవారికీ అది తప్పనిసరి.

తప్పు ప్రతిసారీ నడిపేవారిదే కాదు. 2019 సెప్టెంబరులో పళ్లికరణైలో స్కూటరుపై వెళ్తున్న 23 ఏళ్ల యువ ఇంజినీరుపై బ్యానర్ పడింది. కిందపడిన ఆమెను ట్యాంకర్ బలిగొంది.

అమ్మాయిలూ, చున్నీ ముడివేసుకోండి, హెల్మెట్ మరవకండి. అమ్మానాన్నలూ, ‘ఆలస్యమైనా పర్లేదు, నిదానంగా రా తల్లీ’ అనండి.