రింగు కింద నిలబడని పొడుగువాడు

సంధులూ సమాసాలూ చెప్పుకుని బ్రతికే తెలుగు లెక్చరరుకు బాస్కెట్ బాల్ గొడవ యెందుకని పాఠకులు నవ్వుకోవచ్చు. మా స్టాఫు రూములో మిత్రులూ అలాగే నవ్వారు. కాని ఈ కథ ఆట గురించి యెంతో, పాఠం చెప్పడం గురించీ అంతే. అంచేత నాకూ ఇందులో రెండు మాటలు చెప్పే హక్కు ఉందనుకుంటాను. హక్కు మాట యెలా ఉన్నా, చెప్పుకోవలసిన తప్పు ఒకటి మాత్రం ఉంది.

మా అబ్బాయి తొమ్మిదో తరగతికి వచ్చేసరికే ఆరడుగులు దాటాడు. సాయంత్రం బడి వదలగానే బాస్కెట్ బాల్ కోర్టులో ఉండేవాడు. వాడికి దూరం నుంచి బంతి వేయడమంటే ప్రాణం. డ్రిల్లు మాష్టారు ఒప్పుకోలేదు. "పొడుగువాడివి, రింగు కింద నిలబడు. బంతి వస్తే అందుకుని చిన్నవాళ్ళకు ఇయ్యి. అక్కణ్ణించి విసిరావంటే బెంచీ మీద కూచోబెడతాను" అనేవారు. ఒకనాటి రాత్రి అన్నం దగ్గర వాడు, "నాన్నా, మాష్టారితో నువ్వొకసారి మాట్లాడవా?" అని అడిగాడు. ఉపాధ్యాయుడు ఉపాధ్యాయుడి పక్షమే కదా! "గురువు చెప్పినట్టు వినరా" అని మజ్జిగ పోసుకున్నాను. మూడు నెలలు తిరక్కుండానే బూట్లు అటక యెక్కాయి. మార్కులు పెరుగుతాయని నేను లోలోపల సంతోషించాను కూడాను.

ఇది జరిగి అయిదేళ్ళయింది. ఇప్పుడు వాడు ఇంజనీరింగు రెండో సంవత్సరం. మొన్న దసరా సెలవులకు వచ్చినప్పుడు ఫోనులో ఒక ఆట చూపించాడు. ఏడడుగుల మనిషి ఒకడు వెనక్కు వాలి, ఒక మోకాలు పైకెత్తి, ఒంటికాలి మీద నుంచి బంతి వదిలాడు. అది ఇంద్రధనుస్సులా వంగి, రింగును తాకకుండా వలలో పడింది. "ఇతని పేరు డిర్క్ నొవిట్జ్‌కి. జర్మనీ వాడు. ఇతన్ని యెవరూ రింగు కింద నిలబెట్టలేదు నాన్నా" అన్నాడు వాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అతణ్ణి తీర్చిన గురువులెవరో తెలుసుకునేదాకా మనస్సు ఊరుకోలేదు.

ష్వైన్‌ఫుర్ట్‌లో ఒక సాయంత్రం

డిర్క్ 1978లో జర్మనీలోని వ్యుర్ట్స్‌బుర్గ్ పట్టణంలో పుట్టాడు. తల్లి బాస్కెట్ బాల్ క్రీడాకారిణి, తండ్రి హ్యాండ్ బాల్ ఆటగాడు. పిల్లవాడు హ్యాండ్ బాలూ టెన్నిసూ ఆడి, తరువాత బాస్కెట్ బాల్‌కు వచ్చాడు. పదిహేను పదహారేళ్ళ వయస్సులో దగ్గరి ఊరైన ష్వైన్‌ఫుర్ట్‌లో ఆడుతూండగా హోల్గర్ గెష్విండ్నర్ అనే పెద్దమనిషి కంటపడ్డాడు. ఈయన 1972 మ్యూనిక్ ఒలింపిక్సులో పశ్చిమ జర్మనీ జట్టుకు నాయకుడు. చదివింది గణితమూ, భౌతికశాస్త్రమూను. కుర్రవాడు మంచి ఆటగాడు చేయవలసినవన్నీ తనకు తెలియకుండానే చేస్తున్నాడనీ, చేతిలో పనితనం మాత్రం లేదనీ ఆయన కనిపెట్టాడు. నేర్పుతానని తానే ముందుకు వచ్చాడు.

ఆయన నేర్పిన పద్ధతి విచిత్రమైనది. బరువులు యెత్తించలేదు. వ్యూహాల పేరిట పలకమీద గీతలు గీసి చూపలేదు. బంతి వేయడం, బంతి అందించడం: వారానికి రెండు మూడు రోజులు ఇదే పని. దానితోబాటు పుస్తకాలు చదవమన్నాడు, వాద్యం నేర్చుకోమన్నాడు. కుర్రవాడు సాక్సఫోను పట్టాడు. ఆటకూ సంగీతానికీ ఏం సంబంధమంటారా? ఆటకు లయ ఉండాలనీ, జాజ్ కచేరీలో వాద్యకారుడి లాగా ఆటగాడు కూడా పక్కవాణ్ణి వింటూ తన స్వరం కల్పించుకోవాలనీ ఆయన నమ్మకం. తాళం తెలియనివాడు పద్యం చదివితే యెలా ఉంటుందో యెరిగినవాణ్ణి గనుక నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు.

సుమారు ఏడాది గడిచాక గురువు శిష్యుణ్ణి నిలదీశాడు. ఉన్న ఊళ్ళో వీరుడివనిపించుకుంటే చాలునా, లోకంలోని మేటి ఆటగాళ్ళతో తలపడాలా? మొదటిదే చాలంటే ఈ శిక్షణ ఇక్కడితో ఆపేద్దాం. రెండోదైతే ఇక రోజూ సాధన. కుర్రవాడు వెంటనే జవాబు చెప్పలేదు. రెండు రోజులు ఆలోచించి సరేనన్నాడు. నేను ఇక్కడ పుస్తకం మూసి కాసేపు కూచున్నాను. ఏం కావాలో చెప్పమని పిల్లవాణ్ణే అడిగాడీ గురువు. మా వాడు తనంత తానే వచ్చి అడిగితే నేను మజ్జిగ పోసుకున్నాను.

ఒక కాగితం, రెండు కొలతలు

గురువు భౌతికశాస్త్రం చదివినవాడు గనుక బంతి యే వాలున వెళ్ళాలో, ఈ కుర్రవాడి యెత్తుకూ చేతుల పొడవుకూ తగినట్టు లెక్క కట్టాడు. ఆ సంగతి నాకు అంతుబట్టక మా ఫిజిక్సు లెక్చరరుగారిని ఆశ్రయించాను. ఆయన చాక్‌పీసు పక్కన పెట్టి, కాగితం మీద బొమ్మ వేశారు.

"చూడండి మాష్టారూ! రింగు లోపలి వెడల్పు 45 సెంటీమీటర్లు. బంతి అడ్డకొలత సుమారు 24. బంతి నిట్టనిలువునా పడితే దానికి 45 సెంటీమీటర్ల వాకిలి ఉంటుంది. 45 డిగ్రీల వాలున వస్తే ఆ వాకిలి సుమారు 32కు కుదించుకుపోతుంది. 30 డిగ్రీలకు దిగితే ఇరవైరెండున్నరే. అంటే బంతి కన్న గుమ్మమే చిన్నదన్న మాట! రింగును తాకకుండా లోపలికి పోలేదు."

"అయితే ఆకాశానికి విసిరితే సరి" అన్నాను.

"అదీ కాదు. మరీ యెత్తు వేయాలంటే బలం యెక్కువ కావాలి. బలం పెరిగినకొద్దీ చెయ్యి తప్పుతుంది. ఈ రెంటికీ మధ్య యెవరి వాలు వాళ్ళకుంటుంది. దాన్ని పట్టుకున్నవాడే కోచ్."

డిర్క్ బంతి ఇంద్రధనుస్సులా ఎందుకు వంగేదో అప్పుడు తెలిసింది. అమెరికాలో పేరు గడించిన తరువాత కూడా వేసవి రాగానే అతను జర్మనీలో రాట్టెల్స్‌డోర్ఫ్ అనే పల్లెలోని చిన్న వ్యాయామశాలకు వెళ్ళి, గురువు యెదుట మొదటి పాఠం నుంచి సాధన చేసేవాడు. విద్వాంసుడు సరళీ స్వరాలు మానడు కదా!

కోచ్ కోచ్‌కీ ఒక పాఠం

ఒక్క గురువుతోనే కథ పూర్తి అయిందనుకుంటే పొరపాటు. వ్యుర్ట్స్‌బుర్గ్ జట్టులో చేరినప్పుడు అక్కడి కోచ్ పిట్ ష్టాల్ ఈ పొడుగువాణ్ణి రింగు కిందకు తోయలేదు. బయటి నుంచి బంతి వేసే స్థానంలోనే ఆడించాడు. 1998 మార్చిలో అమెరికాలోని సాన్ ఆంటోనియోలో అక్కడి కుర్రజట్టు మీద ప్రపంచ కుర్రజట్టు ఆడిన పోటీలో డిర్క్ 33 పాయింట్లు చేసి 14 రీబౌండ్లు అందుకున్నాడు. ఆ వేసవిలోనే అమెరికన్ లీగు యెన్నికలో తొమ్మిదోవాడుగా నిలిచి డాలస్ జట్టుకు చేరాడు.

మొదటి సీజను చేదుగా గడిచింది. సగటున ఆటకు 8.2 పాయింట్లు మాత్రమే. తిరిగి జర్మనీ పోదామా అని కూడా అనుకున్నాడట. అప్పటి కోచ్ డాన్ నెల్సన్ మాత్రం అతని ఆటను మార్చే ప్రయత్నం చేయలేదు. ఏడడుగుల మనిషి మూడు పాయింట్ల గీత దగ్గర నిలబడి బంతి వేయడం పెద్దలకు తప్పుగా తోచే రోజులవి. నెల్సన్ ఆ తప్పునే ఆయుధం చేశాడు. పొడుగువాడు బయటికి వస్తే, అతణ్ణి కాయవలసిన యెదుటి పొడుగువాడు కూడా వెంట రాక తప్పదు. రింగు దగ్గర చోటు ఖాళీ అవుతుంది. రెండో సీజనుకు సగటు 17.5 అయింది, మూడోదానికి 21.8.

తరువాత వచ్చిన కోచ్ ఏవరీ జాన్సన్ క్రమశిక్షణ గలవాడు. 2006లో జట్టు ఫైనల్సు దాకా వెళ్ళి, మొదటి రెండు ఆటలు గెలిచి, తరువాతి నాలుగూ ఓడిపోయింది. మరుసటి సీజనులో 67 ఆటలు నెగ్గి కూడా మొదటి రౌండులోనే గోల్డెన్ స్టేట్ జట్టు చేతిలో భంగపడింది. చిత్రమేమంటే, యెదుటి జట్టు కోచ్ ఆ డాన్ నెల్సనే! తాను పెంచిన శిష్యుడి ఆయువుపట్టు ఆయనకు తెలుసు. తనకన్న పొట్టివాళ్ళూ చురుకైనవాళ్ళూ ఒంటికి ఆనుకుని కాస్తే డిర్క్‌కు తిరగడానికి చోటు చిక్కలేదు. ఆఖరి ఆటలో 13 సార్లు బంతి వేస్తే రెండే పడ్డాయి. ఆ యేటి అత్యుత్తమ ఆటగాడి బహుమతి అతనికే వచ్చింది. కాని ఓడి ఇంటిదారి పట్టినవాడికి అది యేపాటి ఊరట?

ఆ వేసవిలో గురుశిష్యులిద్దరూ ఆస్ట్రేలియా వెళ్ళి, ఆటకు దూరంగా కొన్ని వారాలు తిరిగారు. ఆ తరువాతి యేళ్ళలో ఆట మెరుగుపడింది. ఆనుకుని కాసేవాడికి జవాబుగా ఒంటికాలి వేటు రాటుదేలింది. మోకాలు పైకి లేస్తే యెదుటివాడు దగ్గరకు రాలేడు. వెనక్కు వాలితే వాడి చెయ్యి అందదు. 2008లో వచ్చిన కోచ్ రిక్ కార్లైల్ అతణ్ణి ఫ్రీ త్రో గీత ప్రాంతంలో, కోర్టు నడుమ నిలబెట్టి ఆట నడిపించాడు. అక్కడ ఇద్దరు కలిసి మీద పడ్డారా, నాలుగు వైపులా ఉన్న తనవాళ్ళలో యెవరికైనా బంతి అందించవచ్చు.

2011లో పంట చేతికి వచ్చింది. ఓక్లహామా సిటీ మీద ఒక్క ఆటలో 48 పాయింట్లు. అందులో 24 ఫ్రీ త్రోలకు ఇరవైనాలుగూ పడ్డాయి. మయామీతో ఫైనల్సు మొదటి ఆటలో ఎడమచేతి నడిమివేలి నరం తెగింది. రెండో ఆటలో 15 పాయింట్ల వెనుకబాటు నుంచి జట్టు కోలుకుంది. చివరి క్షణాల్లో, కట్టు కట్టిన ఆ ఎడమచేత్తోనే బంతి వేసి గెలిపించాడు. జట్టు 4–2 తేడాతో విజేత అయింది. 21 సీజన్లు ఒకే జట్టుకు ఆడి, 2019లో విరమించేనాటికి అతని పాయింట్లు 31,560. డాలస్ స్టేడియం బయట 2022లో అతని విగ్రహం నిలిపారు. విగ్రహం కూడా ఒంటికాలి మీదే!

ఎవరిది తప్పు?

మా డ్రిల్లు మాష్టారిని నేను ఆడిపోసుకోను. నలభైమంది పిల్లలకు రెండు బంతులు; జిల్లా పోటీ నెత్తిమీద ఉంది. రేపు గెలవాలంటే పొడుగువాడు రింగు కింద ఉండాలి. ఆయన లెక్క ఆయనకు సరిపోయింది. కాని రేపటి పోటీకి పిల్లవాణ్ణి వాడుకోవడం వేరు, పదేళ్ళ తరువాతి ఆటకు తయారుచేయడం వేరు. మొదటిది జట్టు పని, రెండోది గురువు పని. ఈ రెంటికీ పొత్తు కుదరని చోట పిల్లవాడి తరఫున ఒక మాట అనవలసినవాడు తండ్రి. ఆ మాట నేను అనలేదు.

ఇష్టం వచ్చినట్టు ఆడనిస్తే చాలునని కూడా నా అభిప్రాయం కాదు. గెష్విండ్నర్ స్వేచ్ఛ ఇచ్చాడంటే, దాని వెనుక వేల కొద్దీ విసుర్లున్నాయి. దూరం నుంచి వేస్తానన్నవాణ్ణి ఆయన వద్దనలేదు. "అయితే ఈ వాలున వెయ్యి, రోజూ వెయ్యి" అన్నాడు. పిల్లల ముచ్చటను విద్యగా మార్చడమంటే అదే. అలా అని ప్రతి పొడుగు కుర్రవాడూ నొవిట్జ్‌కి అవుతాడా? కాడు. మా వాడు అయ్యేవాడని కూడా నేను భ్రమపడను. కాని ఎంతవరకు పోగలడో చూసుకునే అవకాశమైనా వాడికి దక్కలేదు.

సెలవుల్లో ఒక తెల్లవారుజామున నేనే అటక యెక్కి బూట్లు దింపాను. అవి వాడికి ఇప్పుడు పట్టవు. "కొత్తవి కొనుక్కో" అన్నాను. మా ఆవిడ, "ఏమండీ, పరీక్షల ముందు వీడికి ఈ పిచ్చి మళ్ళీ యెక్కిస్తున్నారా?" అని కసిరింది. వాడు నా ముఖం కేసి చూసి, "ఇప్పుడెందుకు నాన్నా!" అన్నాడు. "అప్పుడు నువ్వడిగితే మాష్టారితో మాట్లాడలేదు. అది నా తప్పురా" అన్నాను. ఇరవై యేళ్ళుగా గొంతెత్తి పాఠాలు చెబుతున్నవాణ్ణి. ఆ ఒక్క వాక్యానికి నోరు పెగలడం కష్టమయింది.

సెలవులయ్యేదాకా ఉదయం ఆరింటికి ఇద్దరం మా కాలేజీ కోర్టుకు వెళ్ళాము. వాడు దూరం నుంచి వేసేవాడు. చాలామట్టుకు తప్పిపోయేవి. "మోచెయ్యి సర్దుకో" అందామని నోటిదాకా వచ్చేది. నాకేం తెలుసునని ఊరుకునేవాణ్ణి. రింగు కింద నిలబడి, పడిన బంతినల్లా యేరి వాడికి అందించాను.

రింగు కింద నిలబడవలసినవాణ్ణి అప్పుడూ నేనే కాబోలును.