ఫోన్ ఆట: అలవాటా, జబ్బా?

నాగ్‌పాడా, కామాటిపురా చాళ్లలో ఒక్క గదిలోనే ఇల్లంతా సర్దుకునే కుటుంబాలు ఎన్నో. అలాంటి ఇంట్లో కుర్రాడికి ఏకాంతం దొరికేది ఫోన్‌లోనే. కాబట్టి ఎక్కువసేపు ఆడినంత మాత్రాన జబ్బు అనుకోనక్కర్లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో 'గేమింగ్ డిజార్డర్' ఉంది. ఈ జాబితా 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో చూసేది గంటల లెక్క కాదు, మూడు లక్షణాలు:

• ఆట మొదలుపెడితే ఆపుకోలేకపోవడం
• చదువు, నిద్ర, అయినవాళ్లకన్నా ఆటే ముఖ్యం కావడం
• నష్టం తెలుస్తున్నా మానలేకపోవడం

ఇవి బతుకును దెబ్బతీస్తూ సాధారణంగా 12 నెలలపాటు కొనసాగితేనే జబ్బుగా నిర్ధారిస్తారు.

అయితే సాయం అడగడానికి అన్నాళ్లు ఆగనక్కర్లేదు. ఫోన్ లాక్కుని తిట్టేముందు ఎందుకు ఆడుతున్నాడో అడగండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ ఉచితం. తెలుగులోనే మాట్లాడొచ్చు.