గడులలోని లెక్క

పూర్వము వర్తకుని దుకాణమున చిట్టా, ఆవర్జా అను రెండు పుస్తకములు తప్పక ఉండెడివి. నాటి ఇచ్చిపుచ్చుకొనుటలను చిట్టాలో వ్రాసికొని, పిదప వానిని ఒక్కొక్కరి పేర ఆవర్జాలోనికి ఎక్కించెడివారు. ఈ పద్ధతిలో లోపమేమియు లేదు. నిన్న ఎంత వచ్చినది, ఎంత పోయినది, ఎవరెంత బాకీ యున్నారు అను ప్రశ్నలకు ఆ పుస్తకములు చక్కగా సమాధానము చెప్పెడివి. కాని వర్తకునికి నిద్రపట్టనీయని ప్రశ్నలు వేరు. రేపు నూనె ధర పెరిగినచో నా గతి యేమి? ధర కొంచెము తగ్గించి సరుకు ఎక్కువ అమ్మిన లాభమా, నష్టమా? అద్దె ఎక్కువైనను దుకాణమును బజారు నడుమకు మార్చవచ్చునా? ఇట్టి ప్రశ్నలకు జరిగిన లెక్క చాలదు. జరుగబోవు లెక్క కావలెను.

జరుగబోవు లెక్కను కాగితముపై వేయరాదా యని మీరడుగుదురు. వేయవచ్చును. చిక్కేమనగా, ఒక అంకె మారినచో దానిపై ఆధారపడిన అంకెలన్నియు మారును. మొదటి నెల ఖర్చును మార్చితిమా, ఆ నెల లాభము మారును. దానితో రెండవ నెల చేతిలోని సొమ్ము మారును. ఇట్లు పన్నెండవ నెలవరకు తుడిచి వ్రాయవలెను. రెండు మూడు పర్యాయములు అట్లు చేయునప్పటికి ఓపిక నశించి, "కానిమ్ము, చూత"మని పుస్తకము మూయుట మానవసహజము.

ఈ కష్టము చిన్న దుకాణదారులకే కాదు. 1978లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు వాణిజ్య విద్యాలయమున డాన్ బ్రిక్లిన్ అను విద్యార్థి చదువుచుండెను. అచట ఆచార్యుడు నల్లబల్లపై గళ్లు గీసి ఒక వ్యాపారసంస్థ లెక్క వేయుచు, ఒక అంకె మార్చవలసివచ్చినప్పుడెల్ల దాని తరువాతివాని నన్నిటిని తుడిచి మరల వ్రాయుచుండెను. (చిరకాలము నల్లబల్ల యెదుట నిలిచిన నాకు ఆయన అవస్థ బాగుగ తెలియును.) ఈ బల్ల తన్ను తానే తుడిచికొని తిరిగి వ్రాసికొనిన ఎంత బాగుండునని బ్రిక్లిన్ తలచెను. అతని మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్ ఆ తలపును కంప్యూటరుకు అర్థమగు ఆజ్ఞలుగా వ్రాసెను. 1979లో అది ఆపిల్ 2 అను చిన్న కంప్యూటరునకై ‘విజికాల్క్’ అను పేర వెలువడెను. అందు 63 నిలువు వరుసలు, 254 అడ్డు వరుసలు ఉండెడివి. దీనిని వాడుకొనుటకే కంప్యూటరును కొన్నవారు అనేకులు. దానిని సృష్టించినవారు దానికి పేటెంటు పొందలేదు. ఇతరులు ఆ మార్గముననే నడచిరి. 1983లో ‘లోటస్ 1-2-3’, 1985లో ‘ఎక్సెల్’ వచ్చెను. నేటి ఎక్సెల్ పట్టికలో 10,48,576 అడ్డు వరుసలు, 16,384 నిలువు వరుసలు కలవు. ఇట్టి పట్టికకే స్ప్రెడ్‌షీటు అని పేరు. లెక్కల పుస్తకమున ఎదురెదురు పుటలపై పరచినట్లు వ్రాయు వెడల్పైన పట్టికకు ఆ పేరు ముందే ఉండెను. యంత్రము దానిని తన పేరుగ గ్రహించినది.

ఇక దాని పనితీరు. నిలువు వరుసలకు ఎ, బి, సి అను అక్షరములు, అడ్డు వరుసలకు 1, 2, 3 అను అంకెలు పేర్లు. రెండును కలియుచోట ఉన్న గడికి బి1, బి2 అని విలాసము. గడిలో మూడు విధముల వ్రాయవచ్చును: మాట, అంకె, సూత్రము. ఈ మూడవదే దీని ప్రాణము. సూత్రము సమాన చిహ్నముతో మొదలగును; అది ‘ఆ గడిలోని దానినుండి ఈ గడిలోని దానిని తీసివేయుము’ అని చెప్పును. అంకె నేది కాక అంకె ఉన్న చోటును పేర్కొనుటచేత, ఆ చోట ఏమి మారినను ఫలితము వెంటనే మారును.

ఒక గృహిణి ఇంట ఆవకాయ పెట్టి అమ్ముచున్న దనుకొందము. కిలో తయారీకి 180 రూపాయలు. దానిని బి1లో వ్రాసెను. అమ్మకపు ధర 240, అది బి2. గది అద్దె మొదలైనవి, అనగా అమ్మినను అమ్మకున్నను తప్పని ఖర్చులు, నెలకు 6,000, అది బి3. బి4లో ‘=బి2-బి1’ అని సూత్రము వ్రాయగా 60 అని కనబడెను; కిలోకు మిగులునది అంతయే. బి5లో ‘=బి3/బి4’ అని వ్రాయగా 100 వచ్చెను. అనగా నెలకు 100 కిలోలు అమ్మువరకు ఆమెకు లాభము లేదు, నష్టమును లేదు. ఆమె అమ్మకము 130 కిలోలు; దానిని బి6లో వ్రాసి, బి7లో ‘=బి6*బి4-బి3’ అనగా, లాభము 1,800 రూపాయలు.

ఇప్పుడు నూనె ధర పెరిగి కిలో ఖర్చు 190 అయ్యెను. బి1లోని 180ని తుడిచి 190 వ్రాసినంతనే బి4 50గను, బి5 120గను, లాభము 500గను మారిపోవును. ఇది గమనింపదగినది: ఖర్చు పెరిగినది కిలోకు 10 రూపాయలే; లాభములో మూడవ వంతైనను మిగులలేదు. నోటిలెక్కతో ఇంత దెబ్బయని తోచదు.

ధర 250కి పెంచిన నేమి? కిలోకు మరల 60 మిగులును. కాని కొనువారు తగ్గుదురేమో యను భయము. బి6లో వేర్వేరు అంకెలు వ్రాసి చూడవలెను. 115 కిలోలు అమ్మిన 900. 105 అయిన 300. 109 అయిన 540. 108 అయిన 480. పాత ధరకే 130 కిలోలు అమ్మిన లాభము 500 గదా. కావున అమ్మకము 109కి తగ్గనంతవరకు ధర పెంచుటయే మేలు. మొదట ఆమెకున్నది రూపులేని భయము. ఇప్పుడున్నది ఒక స్పష్టమైన ప్రశ్న: పది రూపాయలు పెంచినచో నాకు 21 కిలోలకంటె ఎక్కువ అమ్మకము పోవునా? దీనికి జవాబు పట్టికలో లేదు. అది ఇరుగుపొరుగువారిని, ఎదుటి దుకాణపు ధరను, తన సరుకు రుచిని ఎరిగిన ఆమెకే తెలియవలెను. వ్యాపారము నిట్లు గడులలో చిన్నరూపమున నిర్మించి, అంకెలను కదపి చూచుటను నమూనా కట్టుట యందురు.

నమూనా కట్టువారు ఒక నియమము పాటింపవలెను. ఊహించిన అంకెలను సూత్రములలో దాచరాదు. బి4లో ‘=240-180’ అని వ్రాసినను 60యే వచ్చును; కాని నూనె ధర మారిననాడు బి1ని మార్చినను బి4 కదలదు. చూచువారికి అది సరియైన లెక్కవలెనే కనబడును. ఇట్టి గుడ్డి అంకెలే పెక్కు పట్టికలను చెరచుచున్నవి.

వేలకొలది పద్దులను ధరనుబట్టియో, తేదీనిబట్టియో వరుసలో పెట్టుట, కావలసినవానిని మాత్రమే ఏరుట, ఊరివారీగా, నెలవారీగా మొత్తములు కట్టుట కూడ ఇందు క్షణములో జరుగును. ఇవి చేతితో చేసి నేర్చుకొనవలసినవి. చదివి నేర్చుకొనునవి కావు.

అంకెలను బొమ్మగా చూపుట మరియొక సౌకర్యము. ఇది కంప్యూటరుకంటె చాల పాతది. స్కాట్లండు దేశీయుడగు విలియం ప్లేఫేర్ 1786లో ఇంగ్లండు వర్తకమునుగూర్చి ప్రకటించిన గ్రంథమున దిగుమతులను ఒక గీతగను, ఎగుమతులను మరియొక గీతగను గీసెను. రెండు గీతలు ఒకదాని నొకటి దాటిన చోట వర్తకము ఇంగ్లండుకు అనుకూలముగ తిరిగినదని చదువరికి చూచినంతనే తెలియును. అయితే బొమ్మ కన్నును మోసగింపనుగలదు. మన గృహిణి మూడు నెలల అమ్మకములు 120, 124, 130 అనుకొనుడు. కడ్డీలను సున్న నుండి గీసిన మూడును ఇంచుమించు సమానముగ నుండును. 118 నుండి గీసిన మూడవ కడ్డీ మొదటిదానికి ఆరు రెట్లు పొడవుండును! కడ్డీల బొమ్మ చూచునప్పుడు మొదట అడుగున ఏ అంకె యున్నదో చూడుడు.

పట్టికలోని చిన్న పొరపాటు ఎంత దూరము పోగలదో చెప్పెదను. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అను ప్రసిద్ధ అర్థశాస్త్రవేత్తలు, ఋణము మితిమీరిన దేశముల ఆర్థికాభివృద్ధి కుంటుపడునని ఒక వ్యాసము ప్రకటించిరి. ప్రభుత్వపు ఖర్చులు తగ్గింపవలెననువారు అమెరికాలోను, ఐరోపాలోను దానిని ఉదాహరించిరి. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ వారి పట్టికను తెప్పించి చూడగా, సగటు కట్టిన సూత్రము 20 దేశములలో మొదటి అయిదింటిని విడిచినట్లు కనబడెను. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియము, కెనడా, డెన్మార్కు – అక్షరక్రమమున ముందుండుటయే వాని దోషము! ఆ వ్యాసమునకు వచ్చిన ఆక్షేపణలలో ఇది యొకటి మాత్రమే. లెక్కలో పెద్ద భేదము వేరు కారణములచేత వచ్చినది. సూత్రములోని తప్పును కర్తలు ఒప్పుకొనిరి, తమ అభిప్రాయమును మాత్రము విడువలేదు. కాని మూడేండ్లపాటు ఆ గడిని తెరచి చూచినవారు బయట లేకపోయిరి.

2020లో కోవిడు వ్యాధి ప్రబలియుండగా ఇంగ్లండులో జరిగినది ఇంతకంటె బాధాకరము. ప్రయోగశాలలనుండి వచ్చు పేర్లను పాతకాలపు ఎక్సెల్ దస్త్రములోనికి ఎక్కించుచుండిరి. దానిలో 65,536 అడ్డు వరుసలే పట్టును. పట్టనివి చప్పుడు లేకుండ జారిపోయెను. సెప్టెంబరు 25 మొదలు అక్టోబరు 2 వరకు 15,841 మంది రోగుల వివరము లిట్లు లెక్కకెక్కలేదు. రోగులకు తమ ఫలితము తెలిసినదే. కాని వారిని తాకినవారిని వెదకి హెచ్చరింపవలసిన ఉద్యోగులకు సకాలమున తెలియలేదు. కాగితపు చిట్టాలో పుటలు నిండిన గుమాస్తా కొత్త పుస్తక మడుగును. ఈ పట్టిక అడుగలేదు.

ఇది ఒక్కొక్కప్పుడు అడుగకయే అర్థము చెప్పుకొనును. సరుకు సంఖ్య 3-4 అని వ్రాసిన తేదీయని తలచును. ఫోను సంఖ్యకు ముందున్న సున్నను పనికిరానిదని తీసివేయును. వివరములు ఎక్కించుటకు ముందే ఆ గడులను ‘మాట’ అని నిర్ణయించినచో ఈ బెడద ఉండదు. శాస్త్రజ్ఞులకును ఇది తప్పలేదు. మనుష్యుని జన్యువులలో ఒకదానికి ‘మార్చ్1’ అని సంక్షిప్తనామ ముండెను; పట్టిక దానిని మార్చి నెల మొదటి తేదీగ మార్చుచుండెను. జన్యువులకు పేర్లు పెట్టు సంఘమువారు విసిగి, 2020 నాటికి అట్టి జన్యువుల పేర్లనే మార్చివేసిరి. అది ఇప్పుడు ‘మార్చ్‌ఎఫ్1’. అక్షరములను తేదీలుగా మార్చవద్దని ఎక్సెలుకు చెప్పు వీలు 2023లో గాని రాలేదు.