పంపింగ్ బాగానే ఉంటే ఆయాసం ఎందుకు?

ఎకో తీసి "పంపింగ్ 60 శాతం, బాగానే ఉంది" అన్నారు. అయినా ఒక అంతస్తు మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రమయ్యేసరికి చెప్పులు పట్టనంతగా పాదాల వాపు. ఎందుకు?

ఆ 60 శాతం ముడుచుకునే బలం లెక్క. ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ఎంత భాగం బయటికి వెళ్తోందో చెబుతుంది, అంతే. అసలు నిండడానికి గుండె ఎంత అవస్థ పడుతోందో చెప్పదు. గోడలు బిరుసెక్కిన గుండె సరిగా సడలదు. దాంతో ఒత్తిడి వెనక్కి తన్ని ఊపిరితిత్తుల మీద పడుతుంది. హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో దాదాపు సగం మందిది ఈ రకమే.

మరి గోడలు ఎందుకు బిరుసెక్కుతాయి? అనుమానం ఇప్పుడు రక్తనాళాల లోపలి పొర మీదికి మళ్లింది. ఎండోథీలియం అనే ఈ పొర మందం ఒక్క కణమే. చాలాకాలం దీన్ని ఉత్త అస్తరుగానే చూశారు. అమెరికాలో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు బృహద్ధమని ముక్కలకు ఎసిటైల్‌కోలిన్ తగిలిస్తే కొన్ని సడలాయి, కొన్ని ముడుచుకున్నాయి. ముక్కలు కోసేటప్పుడు లోపలి పొర రాచుకుపోయినవే ముడుచుకున్నాయని తేలింది. 1980లో ఆ సంగతి అచ్చయింది. సడలమని కండరానికి కబురు పంపేది ఆ పొరే. ఆ కబురు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తర్వాత బయటపడింది. 1998లో ఫర్చ్‌గాట్‌కూ, మరో ఇద్దరికీ నోబెల్ దక్కింది.

షుగరు, ఊబకాయం, బీపీ ఏళ్ల తరబడి ఉంటే ఒంట్లో సన్నని మంటలా వాపు ప్రక్రియ (ఇన్‌ఫ్లమేషన్) సాగుతూనే ఉంటుంది. దాంతో గుండె కండరంలోని అతి సన్నని నాళాల్లో నైట్రిక్ ఆక్సైడ్ తగ్గిపోతుంది. అది అందక పక్కనున్న కండర కణాల్లోని టైటిన్ అనే ప్రోటీను గట్టిపడుతుంది. 2013లో పౌలుస్, చోపే అనే పరిశోధకులు ప్రతిపాదించిన క్రమం ఇది. పైగా శ్రమ పడేటప్పుడు కాళ్ల కండరాల్లో నాళాలు కూడా తగినంత విచ్చుకోవు. అందుకే కూర్చుంటే బాగానే ఉండే మనిషి నడిస్తే అలసిపోతాడు.

అయితే నాళాలు విప్పే మాత్రలు ఇస్తే సరిపోదా? ఇచ్చి చూశారు. 2015లో వెలువడిన పరీక్షలో ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ వాడినవాళ్ల రోజువారీ కదలిక పెరగకపోగా తగ్గింది. నా దృష్టిలో ఈ సిద్ధాంతానికి పెద్ద చిక్కు ఇదే: కారణంలో నాళాలకు వాటా ఉంది కానీ మొత్తం కథ వాటిదే కాదు. ఈ రోగుల ఆసుపత్రి చేరికలను తగ్గిస్తుందని 2021లో తేలిన ఎంపాగ్లిఫ్లోజిన్ నాళాలు విప్పే మాత్ర కాదు, నిజానికి షుగరు మందుగా వచ్చింది.

పంపింగే పడిపోయిన గుండె సంగతి వేరు. అక్కడ బీపీ నిలబెట్టడానికి శరీరమే నాళాలను బిగిస్తుంది. గుండెకు అదనపు బరువు. ఆ బిగింపును సడలించే ఎనలాప్రిల్ మరణాలను తగ్గిస్తుందని 1987లోనే రుజువైంది.

కాబట్టి ఎకో రిపోర్టులో ఆ ఒక్క అంకె చూసి కాగితం మడిచేయకండి. ఎడమ కర్ణిక పెద్దదైందా, గుండె సడలడంలో ఇబ్బంది (డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్) ఉందా అని డాక్టరుగారిని అడగండి. అవసరమైతే గుండె మీది ఒత్తిడిని సూచించే బీఎన్‌పీ రక్తపరీక్ష రాస్తారు. లావుగా ఉన్నవాళ్లలో మాత్రం ఆ పరీక్ష అంకె అసలు స్థితి కంటే తక్కువగా కనిపించవచ్చు.