కండ్లు తెర్వకు బిడ్డా!

ఆదివారం పొద్దున పెరట్లో బండ మీద నాయనమ్మ కుంకుడుకాయలు కొట్టే చప్పుడు వినబడితే చాలు, పిల్లలం తలో దిక్కూ పారిపోయేవాళ్ళం. దొరికిన వాళ్ళకు ముందు తల నిండా ఆముదం, తర్వాత పీట మీద వేడినీళ్ళు. గిన్నెలోని కుంకుడు పులుసు నెత్తిన పోసి రుద్దుతూ ఒక్కటే మాట అనేది: "కండ్లు తెర్వకు బిడ్డా!" నేను ప్రతిసారీ తెరిచేదాన్ని. భగ్గుమనేది. ఏడుస్తుంటే నోట్లో చిటికెడు ఉప్పు వేసేది. మంట తగ్గేదో లేదో గానీ, ఆ ఉప్పదనానికి ఏడుపు మాత్రం ఆగేది.

పెద్దయ్యాక ముప్ఫయ్యేళ్ళు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను. ఆ మంట పేరు సపోనిన్లు. కుంకుడుకాయ పెచ్చులో ఉంటాయవి. వాటి అణువు ఒక కొసతో నీటిని, ఇంకో కొసతో జిడ్డును పట్టుకుంటుంది. నీళ్ళు పోస్తే జిడ్డు దాని వెంటే పోతుంది. సబ్బు చేసే పనీ ఇదే. కుంకుడుకు శాస్త్రజ్ఞులు పెట్టిన 'సాపిండస్' అనే పేరుకు భారతదేశపు సబ్బు అనే అర్థం. అయితే నెత్తి మీది జిడ్డేదో, కంటి పొర ఏదో దానికి తేడా తెలియదు. జిడ్డును వదిలించే గుణమే కంటినీ మండిస్తుంది.

"ఆకే కదా, ఏం చేస్తుందిలే" అనేవాళ్ళకు నా జవాబు ఇదే. ఏమీ చెయ్యని ఆకైతే రాసుకోవడం దేనికి?

ఆముదం సంగతే చూడండి. మా నల్లగొండ చెల్కల్లో ఇది ఎప్పటినుంచో ఉన్న పంట. నాయనమ్మ గింజలు వేయించి, రోట్లో దంచి, ఆ ముద్దను నీళ్ళలో వేసి మరిగించేది. పైకి తేలిన నూనెను గరిటెతో తీసి, తడి ఇంకిపోయేదాకా మళ్ళీ కాచేది. దాన్నే వంటాముదం అంటారు. ఆముదం గింజలో రైసిన్ అనే ప్రాణాంతకమైన విషం ఉంది. అది ప్రొటీన్ కాబట్టి నూనెలో కరగదు, బాగా వేడి తగిలితే చెడిపోతుంది. విషం మిగిలేది పిప్పిలోనే. అందుకే ఆముదం చెక్కను చేనుకు ఎరువుగా వేస్తారు గానీ పశువులకు పెట్టరు. నాయనమ్మకు రైసిన్ పేరు తెలియదు, మరిగించడం మాత్రం మానలేదు. ఆ చిక్కటి నూనె వెంట్రుకకు పూతలా పట్టుకుని మెరుపునిస్తుంది. కొత్త జుట్టు మొలిపిస్తుందనడానికి మాత్రం గట్టి రుజువు లేదు. ఆ జిడ్డు వదలాలంటే కుంకుడుకాయంత మొండిదే కావాలి. ఆ రెంటికీ అందుకే జత కుదిరింది.

ఆషాఢంలో మైదాకు. గోరింటాకును మావైపు అలాగే అంటారు. ఆకులోని లాసోన్ అనే రంగు మన చర్మంలో, గోళ్ళలో ఉండే కెరాటిన్‌కు అతుక్కుంటుంది. కడిగిన వెంటనే నారింజ రంగులో ఉండి, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. అరచేతిలో పైపొర మందం కాబట్టి అక్కడ బాగా పండుతుంది. ఆ పొర రాలిపోయేదాకా ఉంటుంది. మైదాకు ఎరుపెక్కుతుంది, గోధుమ రంగుకు తిరుగుతుంది. నల్లగా మాత్రం ఎన్నడూ పండదు. ఇది పాఠంలో చెప్పిన నేనే మా అమ్మాయికి ఒక పెళ్ళిలో "గంటలో నల్లగా పండే" కోన్ పెట్టించాను. మూడో రోజుకు డిజైన్ ఎలా ఉందో అలాగే బొబ్బలు లేచాయి. అలాంటి కోన్లలో తలకు వేసే రంగులోని పీపీడీ అనే రసాయనం కలుపుతారు. ఒకసారి అది ఒంటికి పడకపోతే ఇక జన్మంతా పీపీడీ ఉన్న జుట్టు రంగు జోలికి వెళ్ళకూడదు.

పేను కొరుకుడుకు గురివింద గింజ అరగదీసి రాయడం మా ఊళ్ళో చూశాను. నిజానికి అందులో పేను పాపమేమీ లేదు. మన రోగనిరోధక శక్తే పొరబడి వెంట్రుక కుదుళ్ళ మీద దాడి చేస్తుంది. చిన్న మచ్చలైతే చాలామందికి కొన్ని నెలల్లో జుట్టు దానంతటదే వస్తుంది. ఆ సమయంలో ఏది రాస్తే పేరు దానికి దక్కుతుంది. గురివింద తన నలుపు తానెరగదంటారు. దాని విషాన్ని మనమూ ఎరగం. అందులోని ఏబ్రిన్ రైసిన్‌కు దగ్గరి చుట్టం. గీరిన చర్మం మీద దాన్ని రుద్దడం ప్రమాదం.

పేలకు సీతాఫలం గింజల పొడి కూడా అంతే. పేలు చచ్చే మాట నిజమే. ఆ పొడి కంట్లో పడితే మాత్రం కుంకుడులా మండి ఊరుకోదు, కంటి నల్లగుడ్డు పైపొరను పుండు చేస్తుంది. మా నాయనమ్మ ఆ పొడిని పిల్లల తలకు ఎన్నడూ పెట్టలేదు. దువ్వెనతోనే దువ్వేది.

సున్నిపిండిలో పెసలు, బియ్యం, పసుపు, కచ్చూరాలు వేసేది. బావంచాలు మాత్రం చిటికెడు. "గవి ఎక్కువైతే ఎండకు ఒళ్ళు కాల్తది" అనేది. బావంచాల్లోని సోరాలెన్ చర్మానికి ఎండను తట్టుకోలేని గుణం తెస్తుంది. ఇప్పుడు బొల్లికి డాక్టర్లు సోరాలెన్ ఇచ్చి, అతినీలలోహిత కాంతిని లెక్కగా పట్టి వైద్యం చేస్తున్నారు. నాయనమ్మ చిటికెడు లెక్క, వాళ్ళ నిమిషాల లెక్క ఒకే భయం లోంచి వచ్చాయి.

ఇప్పుడు ఫోన్ తెరిస్తే రోజుకో ఆకు, పూటకో గింజ. ఏది రాసుకోవాలో చెబుతారు. ఎంత, ఎంతసేపు, ఎవరికి వద్దు అన్నది చెప్పరు. కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో కొంచెం రాసి రెండు రోజులు చూడండి. చంటిపిల్లలకు మైదాకు పెట్టకండి. జీసిక్స్‌పీడీ అనే ఎంజైమ్ తక్కువున్న పసివాళ్ళలో అది ఎర్ర రక్తకణాలను చిదిమేస్తుంది. జుట్టు మచ్చలుగా ఊడినా, చర్మం మీద మచ్చ వ్యాపిస్తున్నా చర్మవైద్యుల దగ్గరకు వెళ్ళండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఏ ఆకు మంచిదని మాత్రమే అడిగి ఊరుకోకండి. దాన్ని ఎప్పుడు వాడకూడదో కూడా అడిగి రాసి పెట్టుకోండి.