మీకు తెలుసా? హోటల్ పార్సిల్‌కు గడువు 2 గంటలే!

కామారెడ్డి హోటల్లో తిని, మిగిలిన బిర్యానీని పార్సిల్ కట్టించుకుని ఎల్లారెడ్డి బస్సెక్కుతున్నారా? అన్నం పారేయకపోవడం మంచిదే. అయితే ఈ సంగతులు గుర్తుంచుకోండి.

• 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. అందుకే వండిన పదార్థాన్ని 2 గంటలకు మించి బయట ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బయట వేడి 32 డిగ్రీలు దాటితే అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే గడువు 1 గంటే. మన ఎండాకాలంలో వేడి 40 డిగ్రీలు దాటుతుంది.

• ఈ లెక్క బస్సెక్కినప్పటి నుంచి కాదు, వంటకం టేబుల్ మీదికి వచ్చినప్పటి నుంచి.

• అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వదిలే ఒక రకం విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాసన బాగానే ఉందని నమ్మొద్దు.

• పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది. మిగిలిన మయోనైజ్‌ను ఇంటికి తేవద్దు.

• తినే పదార్థాన్ని న్యూస్‌పేపర్‌లో చుట్టకూడదని దేశంలోని ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. సిరా తిండికి అంటుతుంది.

• ఇల్లు చేరగానే వెడల్పు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటికల్లా, ఒక్కసారే, పొగలు కక్కేలా వేడి చేసి తినేయండి.

పిల్లలకు, గర్భిణులకు, పెద్దవాళ్లకు మరింత జాగ్రత్త అవసరం. అనుమానం వస్తే ఆ పార్సిల్‌ను పారేయండి, ఎవరికీ పెట్టకండి.