చెయ్యి వణక్కపోయినా పార్కిన్సన్స్ కావచ్చు!

'వయసు మీద పడ్డాక చేతులు వణక్క ఏం చేస్తాయి?' ఈ మాట మన ఇళ్ళల్లో ఎంత తేలిగ్గా అనేస్తారో! పెద్దవాళ్ళు నెమ్మదిగా నడిచినా, గొంతు పెగలకపోయినా, అన్నిటికీ వయసు మీదే నెపం. ఆ నెమ్మదితనం వెనక ఓ జబ్బు దాగి ఉండొచ్చనీ, దానికి మందులున్నాయనీ చాలామందికి తెలీదు.

మా పెద్దత్తయ్యకి మొదట తేడా కనబడింది ముగ్గులో. వాకిలి నిండా మెలికల ముగ్గు పెట్టే ఆవిడ రాన్రాను అరచేయంత ముగ్గుతో సరిపెట్టేవారు. పోపు మాడుతున్నా వాసన తెలిసేది కాదు. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి పావుగంట పట్టేది. మొహంలో నవ్వు మాయమైంది. 'ఈవిడకి మనమంటే గిట్టడం లేదు' అని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. చివరికి కుడిచెయ్యి వణకడం మొదలైతేగానీ వాళ్ళింట్లోవాళ్ళు నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు. అది కోపమూ కాదు, బద్ధకమూ కాదు. ఈ జబ్బులో మొహం కండరాలు కూడా బిగుసుకుపోతాయి.

ఎందుకొస్తుంది?

మన మెదడు లోపల నల్లటి రంగులో ఉండే కణాలు కొన్ని డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. కాళ్ళూ చేతులూ సాఫీగా కదలాలంటే అది కావాలి. ఆ కణాలు క్రమంగా నశించిపోతే కదలికలు మందగిస్తాయి. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో దీన్ని వివరంగా వర్ణించాడు కాబట్టి ఆయన పేరే జబ్బుకి స్థిరపడింది. ఇలాంటి లక్షణాలని మన ఆయుర్వేదం కంపవాతం అంది. ఆ కణాలు ఎందుకు నశిస్తాయో చాలామందిలో ఇదీ అని తేలదు. వయసు ముఖ్యమైనది. కొందరిలో వంశపారంపర్యం, కొందరిలో పురుగుమందుల ప్రభావం ఉంటాయి. ఇది అంటుజబ్బు మాత్రం కాదు.

ఇంకో సంగతి. ఇవే లక్షణాలు కొన్ని మందుల వల్లా రావచ్చు. కళ్ళు తిరగడానికి వాడే సిన్నరిజిన్, ఫ్లునారిజిన్, వాంతులకి వాడే మెటోక్లోప్రమైడ్, మానసిక వ్యాధులకిచ్చే కొన్ని మాత్రలు అలాంటివి. డాక్టరు వాటిని మారిస్తే చాలామందిలో కొన్ని వారాల్లోనో, నెలల్లోనో లక్షణాలు తగ్గుముఖం పడతాయి. మనంతట మనం మాత్రం ఆపకూడదు.

ఎలా గుర్తుపట్టాలి?

ఈ వణుకు సాధారణంగా ఒకవైపే మొదలవుతుంది. చెయ్యి ఊరికే ఒళ్ళో పెట్టుకున్నప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది, పనిలో పడితే తగ్గుతుంది. కాఫీ గ్లాసు ఎత్తినప్పుడే వణుకుతోందంటే అది వేరే రకం కావచ్చు. కొందరికి అసలు వణుకే ఉండదు. అక్షరాలు చిన్నవైపోవడం, గొంతు తగ్గడం, చెయ్యి ఊపకుండా చిన్న చిన్న అడుగులతో నడవడం, మంచం మీద అటూ ఇటూ ఒత్తిగిలలేకపోవడం గమనించాలి. వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కేకలు వేస్తూ చేతులు విసరడం కొందరిలో ఏళ్ళ ముందే కనబడతాయి. వీటిలో ఏదో ఒక్కటి ఉన్నంతమాత్రాన బెంగపడక్కర్లేదు. కొన్ని కలిసి కనిపిస్తే న్యూరాలజిస్టుకి చూపించాలి. నడిపించి, చేతులు కదిలించి చూసే ఆయన నిర్ధారిస్తారు. మామూలు రక్తపరీక్షలో ఇది తేలదు.

మాత్ర వేళకి పడాలి

పూర్తిగా నయం చేసే మందు లేదుగానీ, లక్షణాల్ని అదుపులో ఉంచే మందులున్నాయి. ముఖ్యమైంది లెవోడోపా. దీన్ని కార్బిడోపాతో కలిపి ఇస్తారు. దూలగొండి గింజల్లోనూ సహజంగా లెవోడోపా ఉంటుంది. అలాగని ఎవరో చెప్పారని ఆ పొడి కూడా వేసేస్తే మోతాదు మించిపోతుంది. డాక్టరుకి చెప్పకుండా వాడొద్దు.

ఇక్కడే వంటింటి పాత్ర ఉంది. పప్పు, పెరుగు, గుడ్డు, మాంసం వంటివాటితో కలిపి వేస్తే కొందరికి మాత్ర సరిగా ఒంటబట్టదు. భోజనానికి అరగంట ముందు వేసుకుంటే మేలు. వికారం పెడితే ఏం చెయ్యాలో డాక్టరునే అడగండి. అంతేగానీ పప్పూ పెరుగూ మానిపించకండి, నీరసిస్తారు. వేళ తప్పితే మనిషి కదల్లేక కూర్చుండిపోవచ్చు. మాత్రలు హఠాత్తుగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. వేరే జబ్బుతో ఆస్పత్రిలో చేరినా ఈ మాత్రల వేళలు అక్కడి నర్సుకి రాసివ్వాలి. మందులతో లాభం పొంది, తరవాత వాటి ప్రభావం నిలకడగా ఉండనివాళ్ళలో కొందరికి మెదడులో సన్నని తీగ అమర్చే ఆపరేషన్ పనికొస్తుంది. హైదరాబాదులోనూ చేస్తున్నారు.

రోజూ నడక, వ్యాయామం తప్పనిసరి. కాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతే చెయ్యి పట్టి లాగకండి. ముందు ఓ గీత గీసి దాన్ని దాటమనండి, చాలామందికి అడుగు పడుతుంది. స్నానాలగదిలో పట్టుకోవడానికి కమ్మీ పెట్టించండి, జారే పట్టాలు తీసేయండి. దిగులు కూడా ఈ జబ్బులో భాగమే. 'ఊరికే ఏడుస్తారేంటి' అని విసుక్కోకుండా ఆ సంగతీ డాక్టరుకి చెప్పండి.

ఈసారి పుట్టింటికో, అత్తింటికో వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళ చేత పచారీ సామాన్ల జాబితా రాయించి చూడండి. పాత రాతకీ దీనికీ తేడా కనిపిస్తే, వాళ్ళు వాడుతున్న మాత్రల అట్టలన్నీ ఓ సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.